పేరంటానికి పిలవని వాళ్ళు



మన ఇళ్ళలో పేరంటం అంటే ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున్నే తలంటు పోసుకుని, కుంకుమ భరిణె చేత పట్టుకుని, ఒక చిన్నపిల్లను వెంటబెట్టుకుని ఇల్లాలు బయలుదేరుతుంది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, ఆ ఇంటావిడకు బొట్టు పెట్టి, సాయంత్రం మా ఇంటికి పేరంటానికి రండి అని పిలుస్తుంది. సాయంత్రం చాప పరిచి కూర్చోబెట్టి, కాళ్ళకు పసుపు రాసి, నానబెట్టిన శనగలూ తాంబూలమూ చేతిలో పెడతారు. ఒకరు పాట పాడతారు, ఇంకొకరు ఊళ్ళో కబురు చెబుతారు. నూరేళ్ళ కిందట మధ్యతరగతి ఇంటి ఆడదానికి గడప దాటడానికి దొరికిన అవకాశం గుడి తర్వాత అదొక్కటే అనుకోవచ్చు.

అయితే కుంకుమ భరిణె పట్టుకుని వెళ్ళే ఆవిడ కొన్ని గుమ్మాల ముందు ఆగదు. భర్త పోయిన ఆడది ఉన్న ఇంటి ముందు ఆగినా, ఆవిడకు బొట్టు పెట్టదు. పదమూడేళ్ళ పిల్ల అయినా సరే, విధవ అయితే పెట్టదు. కళావంతుల వీధిలోకి అసలు వెళ్ళదు. తమ కులం కాని వాళ్ళ వాడకు వెళ్ళదు. ఎవరిని పిలవాలో ఆవిడకు ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వలేదు. పిలవకూడని వాళ్ళెవరో పుట్టినప్పటి నుంచీ తెలుసు.

మధ్యతరగతి తెలుగు స్త్రీలు చేసిన సంఘసేవ గురించి, సంస్కరణ గురించి మాట్లాడమని నన్ను అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఈ పేరంటమే. ఎందుకంటే మన స్త్రీల సంఘాలు పుట్టింది ఆ చాప మీదే. ఒకరి ఇంట్లో పదిమంది కూడటం, చేతికి అందినది తలాకాస్త పంచుకోవడం, ఒకరు చెబితే పదిమంది వినడం అక్కడే అలవాటయింది. వాటి లోపాలూ అక్కడి నుంచే వచ్చాయి. పేరంటానికి పిలవని వాళ్ళను సంఘానికీ చాలాకాలం పిలవలేదు. అందుకే ఈ చరిత్రలో ఎవరు ఎంత పని చేశారని చూసేటప్పుడు నేను ఒకే ప్రశ్న అడుగుతాను. ఈవిడ ఎన్ని కొత్త గుమ్మాల ముందు ఆగింది?

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. ఈ సంగతి మనం బళ్ళో చదువుకున్నాం. ఆ రోజుల్లో ఆ ఇంట్లో వంట ఎవరు చేశారన్నది మాత్రం పాఠం పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. ఊరు వెలి వేసింది. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. అప్పుడు వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, పెళ్ళికి వచ్చిన వాళ్ళకు వండి వడ్డించారు. అప్పటికి ఆవిడకు ముప్ఫై ఏళ్ళు. ఆ తర్వాత ఎంతమంది బాలవితంతువులు ఆ ఇంటికి వచ్చినా కన్నతల్లిలా చూసుకున్నది ఆవిడే. ఉపన్యాసం ఇవ్వలేదు, వ్యాసం రాయలేదు. భర్త వాదించిన సంస్కరణను వంటింట్లో నిలబెట్టారు. తాను ఇక ఏ పేరంటానికీ పిలుపు అందుకోలేనని తెలిసే ఆవిడ ఆ బిందె ఎత్తుకున్నారని నేను నమ్ముతాను. 1910లో ఆవిడ కన్నుమూశారు.

రాజ్యలక్ష్మమ్మ గారి తరంలో స్త్రీ భర్త వెనుక నిలబడి పనిచేసింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి స్త్రీలు తమంతట తాము కూడారు. 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజం ఏర్పడింది. దాన్ని స్థాపించిన వాళ్ళు భండారు అచ్చమాంబ గారు, ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారు.

ఇక్కడ సమాజం అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. ఈ రోజు మనకు సమాజం అంటే లోకమంతా అని అర్థం. సమాజం ఏమనుకుంటుందో అని భయపడతాం. ఆనాటి ఆడవాళ్ళకు సమాజం అంటే ఒక గది. చాప, దీపం, నాలుగు పుస్తకాలు, ఒక చందా పుస్తకం. సమాజానికి వెళ్ళొస్తానని అత్తగారితో చెప్పి చీర మార్చుకుని బయలుదేరేవారు. మా అమ్మమ్మ కూడా పెద్దవయసు వచ్చేదాకా తమ ఊరి మహిళా మండలిని సమాజమనే అనేది. నోరు మూయించే లోకానికీ, నోరు విప్పనిచ్చే గదికీ తెలుగులో ఒకటే పేరు ఉండటం నాకు చాలా ఇష్టమైన సంగతి.

అచ్చమాంబ గారి కథ కొంచెం వివరంగా చెప్పాలి. ఆవిడ 1874లో కృష్ణాజిల్లా నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. ఆరేళ్ళకే తండ్రి పోయారు. పదేళ్ళకు పెళ్ళి. భర్త భండారు మాధవరావు గారికి అది రెండో పెళ్ళి. కాపురానికి మధ్యపరగణాలకు, నాగపూరు వైపు వెళ్ళిపోయారు. ఆవిడ బడి మెట్లు ఎక్కలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావును చదువు కోసం తన దగ్గరికి తెచ్చుకున్నారు. తర్వాత విజ్ఞాన చంద్రికా మండలి నడిపి తెలుగు వాళ్ళకు చరిత్ర నేర్పిన లక్ష్మణరావు గారు ఈయనే. తమ్ముడు చదువుకుంటుంటే అక్క పక్కన కూర్చుని నేర్చుకుంది. తెలుగు, హిందీ, మరాఠీ, కొంత సంస్కృతం, కొంత ఇంగ్లీషు అలా పట్టుబడ్డాయి. తమ్ముణ్ణి చదివించిన అక్కలు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఆ చదువు గది గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

ఆవిడకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఆ దుఃఖంలో ఉన్న మనిషి అనాథ పిల్లలను ఇంట్లో పెట్టుకుని చదివించింది. స్త్రీలు బలహీనులు, తెలివిలేని వాళ్ళు, చదువుకుంటే చెడిపోతారు అని చుట్టూ అందరూ అంటున్న కాలం అది. ఆ మాటకు జవాబుగా మన దేశ చరిత్రలో పేరున్న స్త్రీల జీవితాలు ఒక్కొక్కటే సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల రాశారు. 1901లో వీరేశలింగం గారు తమ చింతామణి అచ్చుకూటం నుంచి ప్రచురించారు. చరిత్రలోని స్త్రీలకు ఒక భాగం, పురాణ స్త్రీలకు ఒక భాగం, విదేశీ స్త్రీలకు ఒక భాగం అని మూడు భాగాలుగా రాయాలని సంకల్పం. పేరులో అబల అని పెట్టి, లోపల ప్రతి పుటలోనూ సబలలను నిలబెట్టారు.

పుస్తకం రాసి ఊరుకోలేదు. ఎక్కడో బిలాస్‌పూర్‌లో ఉన్న మనిషి తెలుగు జిల్లాలకు వచ్చి ఊరూరా తిరిగారు. వెళ్ళిన చోటల్లా స్త్రీలను కూడగట్టి సమాజాలు పెట్టమని ప్రోత్సహించారు. 1902లో హిందూ సుందరి పత్రికలో ధన త్రయోదశి అనే కథ రాశారు. గురజాడ వారి దిద్దుబాటు వచ్చింది 1910లో. ఎనిమిదేళ్ళు ముందు కథ రాసిన స్త్రీ పేరు మన సాహిత్య చరిత్రలో చాలాకాలం సరైన చోట కనిపించలేదు. ఇది మనం చేసిన తప్పు. ఇప్పుడిప్పుడే పరిశోధకులు దాన్ని సరిదిద్దుతున్నారు. 1905లో, 30 ఏళ్ళ వయసులో అచ్చమాంబ గారు కన్నుమూశారు. రత్నమాల పూర్తి కాలేదు.

హిందూ సుందరి పేరు చెప్పాను కాబట్టి పత్రికల మాట కూడా. దాన్ని 1902లో సత్తిరాజు సీతారామయ్య గారు ఏలూరులో ప్రారంభించి, సంపాదకత్వం మోసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ గార్లకు అప్పగించారు. తర్వాత అది కాకినాడకు చేరి, అక్కడి శ్రీ విద్యార్థినీ సమాజం స్త్రీల చేతుల్లో నడిచింది. అదే కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారు సావిత్రి పత్రిక నడిపారు. ఆవిడ స్త్రీ విద్య కావాలన్నారు, వితంతు వివాహం వద్దన్నారు. రాజమండ్రిలో వీరేశలింగం గారి అడుగుజాడల్లో నడిచిన కొటికలపూడి సీతమ్మ గారు వితంతు వివాహం కావాలన్నారు. ఇద్దరూ పండితురాళ్ళే. ఇద్దరూ అచ్చులో వాదించుకోగలిగిన వాళ్ళే. స్త్రీలంతా ఒకే మాట మీద ఉన్నారని మనం చరిత్రను నునుపు చేయకూడదు. ఆడవాళ్ళు ఒకరితో ఒకరు విభేదించి, సంతకం పెట్టి, ఆ విభేదాన్ని ప్రచురించుకోవడం తెలుగునాట కొత్త సంగతి. నా లెక్కలో అది ఏ తీర్మానానికీ తీసిపోదు.

ఈ సమాజాలు చేసిన పని వినడానికి చిన్నదిగా ఉంటుంది. చదువు రాని వాళ్ళకు అక్షరాలు దిద్దించారు. కుట్టుపని నేర్పారు. పుస్తకం చదివి వినిపించారు. తర్వాత రోజుల్లో హిందీ నేర్పారు, రాట్నం తిప్పించారు. ఇందులో విప్లవం ఏముందని అడిగేవాళ్ళు ఉంటారు. చందా అన్న మాట గురించి ఆలోచించండి. సొంత సంపాదన లేని ఇల్లాలు నెలకు ఒకటో రెండో అణాలు ఇంటి ఖర్చులోంచి మిగిల్చి, తన పేరు మీద కట్టి, రసీదు తీసుకుంది. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఇంకొక ఇల్లాలు లెక్క రాసింది. మూడో ఆవిడ నిలబడి ఆ లెక్క చదివింది. ఇంట్లో పోపుల డబ్బాలో దాచిన చిల్లర తప్ప మరో ధనాగారం ఎరగని వాళ్ళు కోశాధికారి, కార్యదర్శి అనే మాటలను తమకు వాడుకున్నారు. సభలో లేచి నిలబడి మాట్లాడటం, చెయ్యెత్తి ఒప్పుకోవడం, చెయ్యెత్తకుండా కాదనడం నేర్చుకున్నారు. 1920లలో జాతీయోద్యమం ఊళ్ళలోకి వచ్చేనాటికి పికెటింగుకు నడిచిన స్త్రీలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ గదుల్లో తయారయ్యారు.

1922లో గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారు, మాలపల్లి నవల రాసిన భర్త లక్ష్మీనారాయణ గారితో కలిసి శారదా నికేతనం స్థాపించారు. ఆడపిల్లలకు చదువుతోపాటు చేతిపని నేర్పిన సంస్థ అది. ఆ తర్వాతి ఏడాది నెల్లూరులో పొణకా కనకమ్మ గారు కస్తూరిదేవి విద్యాలయం ప్రారంభించారు. 1929లో దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. కనకమ్మ గారిది భూవసతి ఉన్న కుటుంబం, నేను చెబుతున్న మధ్యతరగతిలోకి రాదు. అయినా ఆవిడ రాసుకున్న ఆత్మకథ కనకపుష్యరాగం దొరికితే తప్పక చదవండి.

బాపట్ల కనుపర్తి వరలక్ష్మమ్మ గారు ఎంచుకున్న దారి ఉత్తరం. డాక్టర్ కె.ఎన్. కేసరి గారు మద్రాసు నుంచి నడిపిన గృహలక్ష్మి పత్రికలో శారద అనే పేరుతో, కల్పలత అనే స్నేహితురాలికి రాస్తున్నట్టు శారద లేఖలు రాశారు. స్నేహితురాలికి ఉత్తరం కాబట్టి ఎవరూ అడ్డు చెప్పరు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఇల్లాలు చదువుకుంటుంది. ఆ ఉత్తరంలో ఖద్దరు ఉంటుంది, అంటరానితనం ఉంటుంది, శారదా చట్టం ఉంటుంది. 1929లో వచ్చిన ఆ చట్టం ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళు, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలంది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆ గడువు లోపల దేశమంతటా వేలాది పసిపిల్లలకు తొందర తొందరగా పెళ్ళిళ్ళు చేసేశారు. గడువు దాటాక గోదావరి జిల్లాల వాళ్ళకు యానాం ఉంది. అది ఫ్రెంచివారి పాలనలో ఉన్న ఊరు, శారదా చట్టం అక్కడ చెల్లదు. పందిళ్ళు అక్కడ వేశారు. యానానికి కల్యాణపురం అన్న పేరు వచ్చింది అందుకే. చట్టం శాసనసభలో పుట్టినా, దాన్ని ఇంటింటికీ చేర్చి అమ్మలను ఒప్పించే పని వరలక్ష్మమ్మ గారి ఉత్తరం లాంటివే చేయాల్సి వచ్చింది. 1931లో ఆవిడ బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి స్థాపించారు.

ఇదే సమయంలో నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. అక్కడ సభ జరపాలంటే ముందుగా అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు నెత్తిన కత్తిలా వేలాడుతుండేది. చదువు ఉర్దూలో. తెలుగులో చదువుకోవాలనే ఆడపిల్లకు బడి దొరకడమే కష్టం. 1928లో మాడపాటి హనుమంతరావు గారి పూనికతో హైదరాబాదు నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల వచ్చింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, అదే పందిట్లో ఆంధ్ర మహిళా సభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షురాలు. ఆ తర్వాత ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి గారు, సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ గారు, షాద్‌నగర్‌లో బూర్గుల అనంతలక్ష్మీదేవి గారు, నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి గారు అధ్యక్షత వహించారు. బాల్యవివాహాలు ఆపమని, ఆడపిల్లలకు మాతృభాషలో బళ్ళు పెట్టమని, ఘోషా వదలమని అడిగారు. 1935లో హైదరాబాదులో ఆంధ్ర యువతీ మండలి ఏర్పడింది. జోగిపేట, సిరిసిల్ల, షాద్‌నగర్ ఆనాటికి చిన్న ఊళ్ళు. రాజధానిలో సభ పెట్టి ఊరుకోకుండా ఆ ఊళ్ళకు వెళ్ళి మాట్లాడారు. ఇన్నేళ్ళ తర్వాత ఆ అధ్యక్షురాళ్ళ పేర్లు వరసగా చెప్పగలిగిన వాళ్ళు ఆ ఊళ్ళలోనైనా ఎంతమంది ఉన్నారు?

ఇప్పుడు కష్టమైన సంగతి దగ్గరకు వస్తాను. వీరేశలింగం గారి కాలం నుంచి మన సంస్కర్తలకు ఒక పెద్ద ఉద్యమం ఉంది, కళావంతుల ఆటపాటల భోగం మేళాలను బహిష్కరించడం. ఆ ఉద్యమానికి కారణాలున్నాయి. పసిపిల్లలను దేవాలయానికి ఇచ్చెయ్యడం ఆగాలని డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు మద్రాసు శాసనమండలిలో పోరాడారు. 1947లో చట్టం వచ్చింది. అది రావాల్సిందే. కానీ ఆ స్త్రీల గురించి తీర్పు చెప్పినంత తరచుగా వాళ్ళను పిలిచి అడిగారా? 1910లో బెంగళూరు నాగరత్నమ్మ గారు ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని పరిష్కరించి వావిళ్ళ వారి ద్వారా ప్రచురించారు. ముద్దుపళని తంజావూరు ఆస్థానంలోని గణిక, గొప్ప కవయిత్రి. నాగరత్నమ్మ గారూ ఆ సంప్రదాయంలోని విదుషీమణే. ఒక స్త్రీ రాసిన కావ్యాన్ని మరొక స్త్రీ వెతికి తెచ్చి, పరిష్కరించి, పీఠిక రాసి నిలబెడితే, అశ్లీలమని ప్రభుత్వం 1911లో నిషేధించింది. ముద్దుపళనిని నిందించిన వాళ్ళలో మనం ఆరాధించే వీరేశలింగం గారూ ఉన్నారు. నిషేధం 1947లో, ప్రకాశం పంతులు గారి ప్రభుత్వంలో తొలగింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరం కట్టించినది కూడా ఈ నాగరత్నమ్మ గారే. స్త్రీ విద్య కోసం ఊరూరా సమాజాలు లేచిన రోజుల్లోనే, ఇంత చదువుకున్న స్త్రీని మర్యాదస్తుల సంఘాలు తమ మనిషి అనుకోలేదు. కుంకుమ భరిణె ఆ వీధి మలుపు తిరగలేదు.

ఆ మలుపు తిరిగింది పన్నెండో ఏట ఉన్న ఒక పిల్ల, దుర్గాబాయి.

1921 ఏప్రిల్‌లో గాంధీగారు కాకినాడ వస్తున్నారు. దుర్గాబాయి అప్పటికి పరికిణీ కట్టుకునే పిల్ల. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊళ్ళో దేవదాసీలను, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలను చూసి, వీళ్ళ కోసం గాంధీగారు విడిగా మాట్లాడాలని పట్టుబట్టింది. 5,000 రూపాయలు విరాళం తెస్తే అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు పెద్దలు. పిల్ల వెళ్ళి దేవదాసీలతో చెప్పింది. డబ్బు వాళ్ళే పోగుచేశారు. రైల్వే స్టేషను దగ్గర ఒక బడి ఆవరణ అడిగి సంపాదించింది. అయిదు నిమిషాలకని వచ్చిన గాంధీగారు అరగంట పైన కూర్చున్నారు. స్త్రీలు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. ఆయన హిందీ మాటలను తెలుగులో చెప్పింది దుర్గాబాయే. ఆ అనువాదం నచ్చి, తర్వాత జరిగిన బహిరంగ సభలో కూడా ఆ పిల్లే అనువదించాలని గాంధీగారు అన్నారు.

ఈ కథను మనం దుర్గాబాయి తెలివితేటల కథగా చెప్పుకుంటాం. నాకు అంతకన్నా ముఖ్యమైనది ఆ పిల్ల ఎవరి దగ్గరకు వెళ్ళిందన్నది. ఊరి మర్యాదస్తులు ఏ గుమ్మాల ముందు ఆగరో ఆ గుమ్మాల ముందే ఆగింది. వాళ్ళకు సభ కావాలా అని వాళ్ళనే అడిగింది. డబ్బు వాళ్ళది, సభ వాళ్ళది.

దుర్గాబాయి తాను నేర్చుకున్న హిందీని ఇంట్లోనే స్త్రీలకు నేర్పుతూ బాలికా హిందీ పాఠశాల నడిపింది. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగితే అక్కడ చదివిన వాళ్ళే స్వయంసేవికలయ్యారు. ప్రదర్శన గుమ్మం దగ్గర టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపిన పిల్ల ఆవిడే. పాఠశాల చూడటానికి వచ్చిన జమ్నాలాల్ బజాజ్ గారు, ఇంత చిన్నపిల్లా ఇక్కడ పంతులమ్మ అని ఆశ్చర్యపోయారట.

తర్వాత ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు. వెల్లూరు జైల్లో హత్యానేరం మీద శిక్ష పడిన పేద స్త్రీలను చూశారు దుర్గాబాయి. తమ మీద మోపిన నేరమేమిటో, కోర్టులో ఏం జరిగిందో కూడా తెలియని వాళ్ళు. అప్పుడే లా చదవాలని నిశ్చయించుకున్నారు. అప్పటికి ఆవిడకు మెట్రిక్యులేషన్ కూడా లేదు. మదురై జైల్లో ఏకాంత శిక్షతో ఆరోగ్యం దెబ్బతిన్నది. బయటకు వచ్చి బనారసు మెట్రిక్ పరీక్షకు కూర్చున్నారు. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్త్రీలకు హాస్టలు లేదు కాబట్టి సీటు ఇవ్వలేమన్నారు. ఆవిడ పత్రికలో ప్రకటన వేసి, చదవాలనుకుని హాస్టలు లేక ఆగిపోయిన అమ్మాయిలను కూడగట్టి, తామే హాస్టలు నడుపుకున్నారు. సమాజం పద్ధతే అది. నలుగురిని పోగుచెయ్యి, ఖర్చు పంచుకో, లెక్క రాయి, తలుపు తట్టు.

1937లో మద్రాసు మైలాపూరులో పిల్లల కోసం ఒక చిన్న సంఘం మొదలుపెట్టారు. దాని పేరు లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్. బందరు సమాజం పేరులో కూడా బృందావనమే ఉంది. పిల్లలు ఆడుకుంటుంటే తల్లులు వచ్చారు. చదువు ఆగిపోయిన వాళ్ళు, భర్త వదిలేసిన వాళ్ళు, భర్త పోయిన వాళ్ళు వచ్చారు. బనారసు మెట్రిక్‌కు తరగతులు మొదలయ్యాయి. ఆంధ్ర మహిళా సభ అనే సంస్థ అలా ఏర్పడింది; జోగిపేటలో జరిగిన సభ వేరు. తర్వాత మద్రాసు అడయారులో ఆసుపత్రి, హైదరాబాదులో ఆసుపత్రి, కళాశాల, నర్సుల శిక్షణ, వయోజన విద్య అన్నీ దాని కొమ్మలు.

దుర్గాబాయి జీవితంలో మరొక సంగతి ఉంది. పదిహేనేళ్ళ వయసు వచ్చాక చిన్ననాటి పెళ్ళిని తాను కొనసాగించలేనని భర్తకు చెప్పి, ఆయన్ను మళ్ళీ పెళ్ళి చేసుకోమన్నారు. ఆయన చేసుకున్నారు. ఏళ్ళ తర్వాత ఆయన చనిపోతే, దిక్కులేని ఆ రెండో భార్య వచ్చి చేరింది ఆంధ్ర మహిళా సభకే. దుర్గాబాయి ఆవిడకు చేతిపనుల్లో శిక్షణ ఇప్పించి, ఉద్యోగంలో నిలబెట్టారు. దీని మీద నేను వ్యాఖ్యానం చేయను. విన్న వాళ్ళు తమ మనసులో పెట్టుకుంటే చాలు.

1946లో దుర్గాబాయి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో 15 మంది స్త్రీలున్నారు. రాజ్యసభ సభ్యత్వానికి 35 ఏళ్ళు నిండాలని ముసాయిదాలో ఉంటే, 30 చాలని సవరణ తెచ్చింది ఆవిడే. ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యాక, 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఆవిడ అధ్యక్షతన ఏర్పడింది. దేశంలో అక్కడక్కడ చాపల మీద నడుస్తున్న వేలాది చిన్న సంఘాలకు ప్రభుత్వ గ్రాంటు మొదటిసారి అందింది. గ్రాంటు కావాలంటే లెక్కలు చూపించాలి. ఏళ్ళ తరబడి అణాలు, పైసలు రాసుకున్న సంఘాలకు అది కష్టం కాలేదు. ఒక నష్టమూ జరిగింది. చందా మీద బతికిన సంఘాలు కొన్ని గ్రాంటు కోసం ఎదురుచూడటం అలవాటు చేసుకున్నాయి. గ్రాంటు ఆగిన ఏడాది తలుపు మూసేశాయి.

1958లో ఆవిడ తెచ్చిన కండెన్స్‌డ్ కోర్సును మాత్రం పల్లెల్లో ఇప్పటికీ తలుచుకునే వాళ్ళున్నారు. గ్రామసేవికలు కావాలి, నర్సులు కావాలి, బాలసేవికలు కావాలి. చేరదామంటే కావలసిన చదువు ఉన్న ఆడవాళ్ళు లేరు. చదువు మధ్యలో ఆగిన పెద్దపిల్లలకు రెండేళ్ళలో మెట్రిక్ స్థాయికి పాఠాలు చెప్పి పరీక్షకు కూర్చోబెట్టే పథకం అది. తాను నడిచిన అడ్డదారినే ఆవిడ ప్రభుత్వంతో రోడ్డుగా వేయించారు. ఆ తరగతుల్లో కూర్చున్న వాళ్ళలో బాలవితంతువులు, వదిలేసిన భార్యలు, వెనకబడిన కులాల అమ్మాయిలు ఉన్నారు. నూరేళ్ళ కిందటి పేరంటం చాప మీద వాళ్ళెవరికీ చోటు లేదు. 1981లో దుర్గాబాయి గారు కన్నుమూశారు.

పిలుపు ఇప్పటికైనా అందరికీ అందిందా అంటే, లేదనే చెప్పాలి. మధ్యతరగతి సంఘాల్లో దళిత స్త్రీ చాలాకాలం సేవ అందుకునే మనిషిగానే ఉంది, కార్యదర్శి కుర్చీలో కూర్చోలేదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో సారా అమ్మకాన్ని అడ్డుకున్న కూలీ స్త్రీలు ఏ సమాజం పిలుపు కోసమూ ఆగలేదు. వాళ్ళే పిలిచారు. ఆ పిలుపుకు పట్టణాల్లోని మధ్యతరగతి సంఘాలు వెళ్ళాయి. మొదటిసారి అతిథులుగా వెళ్ళాయి.

చివరగా ఒక విన్నపం. నేను చెప్పిన పేర్లన్నీ పుస్తకాలకు ఎక్కినవి. ఎక్కనివి మీ ఇళ్ళలో ఉన్నాయి. మీ నాయనమ్మో, అమ్మమ్మో ఏ ఊళ్ళోనో సమాజానికి వెళ్ళేవారని మీరు వినే ఉంటారు. అటక మీది పెట్టెలో ఆ సమాజం చందా పుస్తకం ఉండొచ్చు, తీర్మానాల నోటుబుక్కు ఉండొచ్చు, గృహలక్ష్మి పాత సంచికలు ఉండొచ్చు. ఎవరెవరు వచ్చారో, ఎవరెవరు రాలేదో ఆ కాగితాల్లోనే ఉంటుంది. పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉంది, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. మీకు ఏది దగ్గరైతే అక్కడికి తీసుకువెళ్ళి చూపించండి. ఆ పెద్దవాళ్ళు ఇంకా మన మధ్య ఉంటే, ఈ సాయంత్రమే పక్కన కూర్చుని వాళ్ళ పేర్లు, వాళ్ళ స్నేహితురాళ్ళ పేర్లు అడిగి రాసుకోండి.